ఏడో వరుసలో తైమి

మంగళవారం పొద్దున హాలు ఖాళీ.
కెమియార్విలో డిసెంబరు పది గంటలంటే
వీధి దీపాలు ఇంకా ఆర్పని వేళ.
కొత్త ప్రొజెక్టరు వచ్చి తొమ్మిది రోజులు,
దాని ఒంట్లోంచి ఇంకా కొత్త ప్లాస్టిక్ వాసన.

తెర మీద ఒక తెల్లటి మెరుపు,
స్పీకర్లలో ఒక టిక్కు.
మెరుపు, టిక్కు. మెరుపు, టిక్కు.
రెండూ ఒకే గడప ఒకేసారి దాటాలి.
నా పని అంతే.

ఈ యంత్రానికి ముస్తాబు పిచ్చి.
తెర ఎక్కేముందు బొమ్మని
రెండు ఫ్రేముల సేపు దిద్దుకుంటుంది.
శబ్దానికి అవేం లేవు, పిలవగానే బయల్దేరుతుంది,
కానీ గాలిలో నడిచి రావాలి పాపం,
మీటరుకి మూడు మిల్లీసెకన్లు.
నేను కూర్చున్న వరుసకి పదిహేడు మీటర్లు.
కూడికలూ తీసివేతలూ అయ్యాక
పరికరం చెప్పింది: ముప్పై మూడు ముందొస్తోంది.
ముప్పై మూడు మిల్లీసెకన్లు,
రెప్ప సగం వాలేలోపే అయిపోయే కాలం.
ఆ అంకె నొక్కి కాఫీ పోసుకున్నాను.

వోయిట్టో ఉన్న రోజుల్లో అంకెలు లేవు.
ఫిల్ము మీద శబ్దం బొమ్మకన్నా
ఇరవై ఫ్రేముల ముందు నడిచేది.
గేటు కింద ఫిల్ముని వంపు తిప్పి
చూపుడువేలితో సరిచూసేవాడు.
వంపు బొటనవేలంత పెరిగితే చాలు,
తెర మీద గొడ్డలి దిగిపోయాక
తీరిగ్గా దెబ్బ వినపడేది.
"మాట నోట్లోంచి రావాలమ్మాయ్,
వీపులోంచి కాదు," అనేవాడు.
ఆ వేలికి గోరు ఉండేది కాదు.
ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

శుక్రవారం రాత్రి మా భాష సినిమా,
ముప్పై ఎనిమిది టికెట్లు.
అయ్యాక తైమి నా గది మెట్లెక్కి వచ్చింది,
డెబ్బై ఆరేళ్ళు, చేతిలో టోపీ.
"నోరు తెరవకముందే మాట్లాడేస్తున్నారు వీళ్ళు."
ఎవరు?
"అందరూ. ఆ డాక్టరైతే మరీనూ."

మిగతా ముప్పై ఏడుగురూ ఏమీ అనలేదు.
తైమికి రెండు చెవుల్లోనూ మిషన్లే.
చెవిటావిడకి చప్పుడు సంగతేం తెలుసని
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను గానీ, ముఖంలో కనబడే ఉంటుంది.
ముఖాలు చదవడమే కదా ఆమె పని.
"సగం వింటాను, సగం పెదవులు చూస్తాను," అంది.
"ఆ రెండు సగాలూ అతుక్కోవట్లేదు."

శనివారం సరస్సు మీద గట్టి మంచు.
అర కిలోమీటరు అవతల తమ్ముడు
వల దించడానికి గడ్డపారతో పొడుస్తున్నాడు.
పార దిగినప్పుడు ఏమీ లేదు.
మళ్ళీ పైకెత్తినప్పుడు ఠంగుమంది,
ఎత్తిన చేతులే మోగినట్టు.
నాకేమీ వింతగా అనిపించలేదు.
చప్పుడు వెనకపడితే పుట్టుకనుంచీ ఓర్చుకున్నాం,
మెరుపు వెళ్ళాక ఉరుముకి ఆగినట్టు.
ఉరుమే ముందొచ్చి మెరుపుని వెతుక్కుంటే?

అక్కడే, మంచు మీదే, తట్టింది.
తైమి దగ్గరికి మాట నడిచి రాదు.
తివాచీ కింద హాలు చుట్టూ పరిచిన తీగలోంచి
నేరుగా చెవి మిషన్లోకి దూకుతుంది.
ఆ పదిహేడు మీటర్లు ఆమెకి లేవు.
అందరి తరఫునా గాలికి నేనిచ్చిన మినహాయింపు
ఆమె ఒక్కదాని ఖాతాలో అప్పుగా పడింది.

ఆ తీగకి మెనూలో విడిగా ఒక గడి ఉంది.
ఎవరూ తాకలేదు, సున్నా.
యాభై అని కొట్టాను.
రిసీవరు ఒకటి అరువు తెచ్చుకుని
ఏడో వరుసలో ఆమె కుర్చీలోనే కూర్చున్నాను.
డాక్టరు నోరు తెరిచాడు.
చెడ్డ వార్తే చెప్పాడు గానీ
ఆ నోటితోనే చెప్పాడు.

తర్వాతి శుక్రవారం తైమి మళ్ళీ మెట్లెక్కింది.
ఏమంటుందోనని లేచి నిలబడ్డాను.
"ఏడో వరుసలో హీటరు పనిచెయ్యట్లేదు.
కాళ్ళు కొంకర్లు పోయాయి," అని
టోపీ పెట్టుకుని దిగిపోయింది.
మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా
ఆమె బూట్ల చప్పుడు
కాసేపు వస్తూనే ఉంది.